పోఫాం దొర ఇంటిపేరు, మన ఇంటిపేరు

మా ఇంట ట్రంకు పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి పెట్టిన దస్తావేజు ఒకటి ఉన్నది. 1938లో మా తాతగారు జార్జి టౌనులో ఇల్లు కొన్ననాటిది. మందపాటి స్టాంపు కాగితము. అంచులను చెదలు రుచి చూచి వదలివేసినవి. మొన్న ఒక ఆదివారము మధ్యాహ్నము దానిని విప్పి కూర్చున్నప్పుడు, పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ప్రక్కన చేరి చెక్కుబందీ పైకి చదువనారంభించినది. నాలుగు వరుసలు చదివి ఆగి, "నాన్నా, ఇందులో పోఫామ్స్ బ్రాడ్‌వే అని ఉన్నదే, ఈ పోఫాం ఎవరు?" అని అడిగినది. మేము జవాబు వెదకుకొనులోపలనే రెండవ ప్రశ్న వేసినది. "తాతగారి తాతగారి పేరుకు ముందర ఈ మాట ఏమిటి? ఇది ఇంకొకరి పేరా?"

ఆ మాట మా ఇంటిపేరు.

పోఫాం ఎవరో చెప్పలేకపోతిమని మాకు పెద్ద చింత కలుగలేదు. రెండవ ప్రశ్న మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టనియ్యలేదు. దస్తావేజును బయటికి తీయవలసిన పని ఎందుకు పడినదో తరువాత చెప్పెదము. ముందు పోఫాం సంగతి చూతము. మన సంఘ సభ్యులలో బ్రాడ్‌వేకు అటో ఇటో పుట్టి పెరుగనివారు తక్కువ గనుక, ఆ పేరు వెనుక కథ అందరికి కావలసినదే.

జార్జి టౌనులో ఇంగ్లీషు ఇంటిపేర్లకు కొదువ లేదు. స్ట్రింగర్ వీధి ఉన్నది. పెండ్లి పత్రికలు అచ్చు వేయించుకొనుటకు మనమందరము పోవు ఆండర్సన్ వీధి ఉన్నది. హైకోర్టు ఎదుట ప్యారీ మూల ఉన్నది. ఈ పేర్లను మనవారు, అరవవారు కలిసి తరతరములుగా నమిలి నమిలి మెత్తపరచినారు. ఇంగ్లీషువారికి మాత్రము ఇవి ఎక్కడనుండి వచ్చినవి? వారికిని ఒకప్పుడు ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, భూస్వాములు తమ పేరు చివర తమ ఊరి పేరు తగిలించుకొనుట ఆచారమైనది. ఫలాని ఊరి జాను, ఫలాని ఊరి రాబర్టు అనుటకు నడుమ 'డి' అను ఫ్రెంచి మాట చేర్చెడివారు. మూడు నాలుగు వందల ఏండ్లలో ఆ అలవాటు రైతులకు, పనివారికి ప్రాకినది. కమ్మరి స్మిత్ అయినాడు. పిండిమర నడుపువాడు మిల్లర్ అయినాడు. జాను కొడుకు జాన్సన్, ఆండ్రూ కొడుకు ఆండర్సన్. 1852లో మనకు నిఘంటువు అచ్చొత్తించి ఇచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి ఇంటిపేరు జుట్టు రంగును, ఒంటి రంగును బట్టి వచ్చు పేర్లలోనిది. మనలో ఎర్రవారు, నల్లవారు లేరా, అట్లే.

1538లో ఇంగ్లండు ప్రభుత్వము ప్రతి చర్చిలోను బాప్తిస్మములు, పెండ్లిండ్లు, సమాధులు పుస్తకములో వ్రాసి ఉంచవలెనని ఆజ్ఞ చేసినది. అంతకుముందు తరమునకొక తీరుగా మారుచున్న పేర్లు, పుస్తకములోకి ఎక్కిన తరువాత కదలక నిలిచినవి. గుమాస్తా వ్రాసిన అక్షరమునకు ఎంత బలమున్నదో మా వంటి గుమాస్తాలకు ఎవరును చెప్పనక్కరలేదు.

పోఫాం అనునది ఊరి పేరు. ఇంగ్లండుకు దక్షిణమున హాంప్‌షైరు జిల్లాలో బేసింగ్‌స్టోకు పట్టణమునకు దాపున ఉన్న చిన్న పల్లె. ఈనాడు ఆ పేరు తెలిసినవారికిని ప్రక్కనున్న చిన్న విమానముల మైదానము వలననే ఎక్కువగా తెలియును. బర్మింగుహాం, నాటింగుహాం వంటి పేర్ల చివర వచ్చు 'హాం' అను మాటకు పాత ఇంగ్లీషులో ఇల్లు, నివాసము అని అర్థము. మన ఊళ్ళ పేర్ల చివర 'పల్లి', 'పాడు', 'ఊరు' ఉన్నట్లే అనుకొనవచ్చును.

ఊరి పేరు ఇంటిపేరగుట మనకు క్రొత్త విషయము కాదు. కందుకూరు కందుకూరి అగును, పూసపాడు పూసపాటి అగును. అయినను ఒక భేదము మాకు తోచినది. పోఫాం వారికి ఆ ఊరు సొంతము గనుక, ఊరిలో ఉండగానే ఆ పేరు వచ్చినది. మన సామాన్య కుటుంబములకు చాలవరకు ఊరు విడిచిన తరువాతనే ఊరి పేరు అంటుకొనినది. ఊరిలో ఉన్నంత కాలము అందరును ఆ ఊరివారే గదా, ఆ పేరుతో పిలిచి ఏమి లాభము? ప్రక్క ఊరికి కాపురము పోయిన నాటినుండి "ఆ ఫలాని ఊరివాళ్ళు" అనిపించుకొందుము. మన ఇంటిపేర్లు చాలవరకు మనవారు ఎక్కడనుండి కదలినారో చెప్పు గుర్తులు.

పోఫాం వారును కదలినారు. వారిలో ఒక శాఖ పడమటనున్న సామర్సెట్ జిల్లాకు పోయినది. ఆ శాఖలో హంట్‌వర్త్ అను చోట పుట్టిన సర్ జాన్ పోఫాం న్యాయశాస్త్రము చదివి, 1592లో ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి అయినాడు. 1603లో సర్ వాల్టర్ రాలీని, 1606లో పార్లమెంటును మందుగుండుతో పేల్చివేయబూనిన గై ఫాక్స్‌ను విచారించినవారిలో ముఖ్యుడు ఈయనయే. లిటిల్‌కోట్ అను పెద్ద భవనము ఈయనకు సంక్రమించినది. అంతకు ముందరి యజమానిని ఘోరమైన శిశుహత్య నేరమునుండి తప్పించి, ప్రతిఫలముగా ఆ ఇంటిని పొందినాడని అక్కడివారు కథలు చెప్పుకొందురు. పెద్ద ఇండ్లను గురించి ఇటువంటి కథలు మన పేటలోను తక్కువ లేవు.

ఆ ఇంటి విషయములో మాకు నచ్చిన సంగతి వేరే ఉన్నది. కొంతకాలమునకు ఆ ఆస్తి ఆడపిల్ల వైపు వారసులైన లేబోర్న్ వారికి వచ్చినది. వారు తమ ఇంటిపేరు చివర పోఫాం కూడ చేర్చుకొని లేబోర్న్ పోఫాం అయినారు. మనలో దత్తత పోయినవారికి ఇంటిపేరు మారునట్లే. ఆస్తి కావలెనన్న పేరు మోయవలెను.

ఇక సముద్రము దాటిన సంగతి. 1607లో జాన్ పోఫాం పూనికతో కొందరు ఇంగ్లీషువారు అమెరికాకు పోయి, ఇప్పటి మెయిన్ రాష్ట్రములో కెనెబెక్ నది సముద్రములో కలియు చోట వలస స్థాపించినారు. దానికి నాయకుడు ఆయన అన్నకుమారుల వరుసలోని జార్జి పోఫాం. వారు ఒక ఓడను కట్టినారు, ఒక కోటను కట్టినారు. ఆ కోటకు వారు పెట్టిన పేరు ఏమనుకొన్నారు? సెయింట్ జార్జి కోట! మన కోటకు ముప్పది ఏండ్లకు పైగా ముందు అదే పేరు గల కోట అమెరికాలో వెలసినదన్నమాట. మరుసటి సంవత్సరము చలికాలములోనే జార్జి పోఫాం చనిపోయినాడు. వలసవారు ఆ యేడే ఇంటికి తిరిగి పోయినారు. కోట పోయినది గాని, అక్కడి సముద్రతీరమును ఈనాటికిని పోఫాం బీచి అందురు.

పద్దెనిమిదవ శతాబ్దములో ఆ ఇంటిపేరు హిందూదేశమునకును చేరినది. 1780 ఆగస్టులో గ్వాలియరు కోటను రాత్రివేళ నిచ్చెనలు వేసి పట్టుకొన్న కంపెనీ దళమునకు నాయకుడు కాప్టెన్ విలియం పోఫాం. ఆ కాలమువాడే సర్ హోం పోఫాం అను నౌకాదళాధికారి. ఓడనుండి ఓడకు జెండాలతో మాటలాడుటకు ఆయన ఒక సంకేత నిఘంటువు కూర్చినాడు. మాటకొక సంఖ్య, సంఖ్యకు జెండాలు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమునకు ముందు నెల్సను తన నౌకలకు పంపిన ప్రసిద్ధ సందేశము ఆ పుస్తకము ప్రకారము ఎగురవేసినదే. నెల్సను కోరిన మాటలలో ఒకటి పుస్తకములో లేనందున వేరు మాట పెట్టవలసి వచ్చినది. 'విధి' అను అర్థము గల మాటకు కూడ సంఖ్య లేక, అక్షరము అక్షరముగా జెండాలు ఎత్తినారు. పుస్తకములో లేని మాటకు ఎన్ని తిప్పలో చూడుడు. మా సంగతి చెప్పునప్పుడు ఇది మరల గుర్తుకు వచ్చును.

మన పోఫాం పేరు స్టీఫెన్. ఐర్లండు పార్లమెంటులో సభ్యుడుగా ఉండి, 1778లో చెన్నపట్టణమునకు వచ్చినాడు. వృత్తి న్యాయవాది, ఇక్కడ కంపెనీకి సొలిసిటరు అయినాడు. ఆనాటి మన పేట ఎట్లుండెడిదో కొంచెము తెలిసికొనవలెను. ఇప్పుడు హైకోర్టు ఉన్న తావున మునుపు నల్లవారి పట్నము అను పాత ఊరుండెడిది. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు ఆ ఇండ్ల చాటు వారికి అనుకూలించినదని, తరువాత ఇంగ్లీషువారు ఆ ఊరిని పడగొట్టి, కోట చుట్టు ఖాళీ మైదానము విడిచి, హద్దురాళ్ళు నాటినారు. 1773 నాటి అట్టి రాయి ఒకటి ప్యారీ మూల వద్ద ఇప్పటికిని ఉన్నది. జనులు ఉత్తరమునకు జరిగి ముత్యాలుపేటలోను, పెద్దునాయకునిపేటలోను నిండినారు. ఆ రెండు పేటలు కలిసినదే జార్జి టౌను. ఆ పేరు ఐదవ జార్జి పేరిట ఇరవయ్యవ శతాబ్దపు మొదటి ఏండ్లలో వచ్చినది.

రెండు పేటల నడుమ అట్టపల్లము అను లోతట్టు మురుగు కాలువ పారెడిది. స్టీఫెన్ పోఫాం 1780 దశకములో ఆ పల్లపు నేలను పూడ్పించి, మెరక చేసి, దానిపై వెడల్పైన బాట వేయించినాడు. అదియే పోఫామ్స్ బ్రాడ్‌వే. అందుచేతనే ఈనాటికిని ఆ వీధికి తూర్పు ముత్యాలుపేట, పడమర పెద్దునాయకునిపేట. వాన పట్టినప్పుడు బ్రాడ్‌వేలో మోకాలి లోతు నీరు నిలిచిన, మున్సిపాలిటీని తిట్టుటకు ముందు అట్టపల్లమును ఒకసారి తలచుకొనవలెను.

ఈ దొర 1782లో పట్టణమునకు పోలీసు ఏర్పాటు ఎట్లుండవలెనో ఒక పథకము వ్రాసి ప్రభుత్వమునకు సమర్పించినాడు. వీధులలో కాలువలు తీయించవలెను, వీధులకు పేర్లు పెట్టవలెను, దీపములు వెలిగించవలెను, జననమరణములు పుస్తకములో వ్రాయించవలెను అని అందులో ఉన్నది. వీధికి పేరు, మనిషికి పుస్తకము. ఈ రెండింటిని కోరినవాని పేరు వీధికి పడుట న్యాయమే. 1795లో ఆయన చనిపోయినాడు.

తరువాత ఆ పేరు ఏమైనది? దస్తావేజులలో నిలిచినది, నోళ్ళలో నిలువలేదు. అరవనోటికి, తెలుగునోటికి 'పోఫాం' పలుకుట కష్టము. 'బ్రాడ్‌వే' సులభము. మనిషి జారిపోయి వెడల్పు మాత్రము మిగిలినది. మా నాన్నగారి నోట పోఫాం అను మాట మేము ఒకసారి కూడ వినలేదు.

ప్యారీ సంగతి ఇంకను వేడుక. 1788లో ఇక్కడకు వచ్చి వ్యాపారము పెట్టిన థామస్ ప్యారీ వేల్సు దేశమువాడు. వారి భాషలో 'అప్ హారీ' అనగా హారీ కొడుకు. ఆ రెండు మాటలు అతుక్కొని ప్యారీ అయినవి. ఇక్కడ బస్సు కండక్టర్లు 'ప్యారిస్' అని కేక వేసిన, అది ఫ్రాన్సు రాజధాని కాబోలునని చిన్నతనమున మేము నమ్మితిమి. అరవములో దానిని 'పారిమునై' అని వ్రాయుదురు. చదువుకొన్న అరవవారికి ఆ మాట వినగానే, మల్లెతీగకు ప్రాకుటకు తన రథమునే ఇచ్చిన పారి మహారాజు గుర్తుకు వచ్చును. హారీ కొడుకు ఈ విధముగా సంగకాలపు రాజైనాడు. దొరగారు వినియుండిన సంతోషించి ఉండును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పోఫామ్స్ బ్రాడ్‌వేకు అధికారికముగా ప్రకాశం సాలై అని పేరు పెట్టినారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు. ఇంతకంటె తగిన పేరు ఉండదు. పంతులుగారు లండనులో బారిష్టరు చదివి 1907లో ఈ హైకోర్టులోనే ప్రాక్టీసు పెట్టినారు. 1921లో ఈ పట్టణములోనే 'స్వరాజ్య' పత్రిక ప్రారంభించినారు. 1928 ఫిబ్రవరిలో సైమను కమిషను వచ్చినప్పుడు, హైకోర్టు సమీపమున పోలీసుల తుపాకుల ఎదుట రొమ్ము విప్పి నిలిచినది ఈ వీధి మొగదలకు కూతవేటు దూరములోనే. 1946లో మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి. 1957లో కాలధర్మము చెందినారు. న్యాయవాది పేరు పోయి న్యాయవాది పేరు వచ్చినది, ఎదుట హైకోర్టు ఎట్లును ఉన్నది.

ఇక్కడ మా అమ్మాయి ఒక చిక్కు పట్టినది. "దొరది ఇంటిపేరు మాత్రము పెట్టినారు, స్టీఫెను పెట్టలేదు. పంతులుగారిది ప్రకాశం మాత్రము పెట్టినారు, టంగుటూరి పెట్టలేదు. ఎందుకు?" అన్నది.

నిజమే. ఇంగ్లీషువాడు బయటివారికి ఇంటిపేరుతో తెలియును. సొంత పేరు తల్లికి, భార్యకు, దగ్గరి స్నేహితులకు. మనము సొంత పేరుతోనే లోకమునకు తెలియుదుము. ఇంటిపేరు చుట్టములకు, పెండ్లి సంబంధములకు. అందుచేత వారు ఎచ్చటకు పోయినను ఇంటిపేరు వెంట పోవును. పోఫాం అను పల్లె పేరు మెయిన్ తీరమునకు, గ్వాలియరుకు, మన మురుగు కాలువ గట్టుకు అట్లే వచ్చినది. టంగుటూరు అను పల్లె పేరు మన వీధికి రాలేదు. సెంట్రలులో బెజవాడ రైలు ఎక్కి పోవునప్పుడు, ఒంగోలు రాబోవుచున్నదనగా టంగుటూరు స్టేషను బోర్డు కనబడును. బ్రాడ్‌వేవారు ఎందరు ఆ బోర్డును దాటిపోయినారో, ఎందరికి ఆ పేరు తమ వీధి పేరులో సగమని తట్టినదో!

ఇట్లు జరుగుట మొదటిసారి కాదు. 1639లో ఇంగ్లీషువారికి ఈ తీరము ఇప్పించినది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. క్రొత్త పట్టణమునకు తన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు పెట్టవలెనని కోరినందున చెన్నపట్టణమైనదని ఎక్కువమంది చెప్పుకొనుమాట. 1996లో ఆ పేరే చెన్నై అయి రాష్ట్ర రాజధానికి స్థిరపడినది. చెన్నప్ప మిగిలినాడు, దామెర్ల పోయినది. పొట్టి శ్రీరాములుగారి విషయము మాత్రము వేరుగా జరిగినది. వారు 1901లో మన అణ్ణాపిళ్ళె వీధిలోనే పుట్టినవారు. 1952 డిసెంబరులో మైలాపూరులో ప్రాణములు విడిచినారు. 2008లో నెల్లూరు జిల్లాకు వారి పేరు పెట్టినప్పుడు ఇంటిపేరుతో సహా పెట్టినారు. ఇంటిపేరు తెలిసినచోట పెట్టుటకును, తెలియనిచోట పెట్టుటకును ఇంత భేదము.

ఇక మా సంగతి.

మా ముత్తాతగారు నెల్లూరు సీమనుండి మిరపకాయల బేరమునకు కొత్వాలు చావడికి వచ్చి ఇక్కడనే నిలిచిపోయినారు. మా ఇంటిపేరు వారి పూర్వుల ఊరి పేరు. ఆ పేరు ఇక్కడ వ్రాయము, ఇంటి పంపకము ఇంకను తేలలేదు గనుక దాయాదులలో కొందరికి నచ్చదు. 1938 దస్తావేజులో ముత్తాతగారి పేరు, తాతగారి పేరు రెండింటికిని ముందర ఇంటిపేరు నిండుగా ఉన్నది. తాతగారు ఇంగ్లీషు సంతకము నేర్చిన తరువాత ఇంటిపేరు ఒక్క అక్షరమైనది. మా నాన్నగారికి ఆ అక్షరమే వచ్చినది, అది దేనికి అక్షరమో అందరికి తెలియును గనుక బాధ లేకపోయినది. మమ్ము బడిలో చేర్చిననాడు అక్కడి గుమాస్తా, "ఇనిషియలనగా తండ్రి పేరు మొదటి అక్షరము" అని తానే దిద్ది వ్రాసినాడు. ఇది అరవదేశపు ఆచారము, అతని తప్పేమియు లేదు. నాన్నగారు తొందరలో ఉండి ఊరకున్నారు. మా తమ్ముని వేరొక బడిలో వేసినారు. అక్కడ అడుగనందున ఇంటిపేరు అక్షరమే పడినది. ఈ విధముగా ఒక తల్లి బిడ్డలమైన మాకు రెండు వేరు అక్షరములు వచ్చినవి.

తమ్ముని కుమారుడు అమెరికాకు చదువుకు పోయినాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి వ్రాయవలెను గనుక తండ్రి పేరు వ్రాసినారు. అక్కడ అతనిని అందరును మా తమ్ముని పేరుతో పిలుచుచున్నారు. "పెదనాన్నా, ఫోనులో ఎవరైన మిస్టర్ అని పిలిచిన, నాన్నను అడుగుచున్నారేమోనని వెనుకకు తిరిగి చూచెదను" అన్నాడు. రేపు అతనికి పుట్టబోవు బిడ్డలకు అదే ఇంటిపేరగును. మా అమ్మాయి ఎచ్చటికైన పోయిన, ఆమె పేరు చివర మా పేరు పడును. రెండు తరములలో ఒకే ఇంటివారు రెండు ఇంటిపేర్లవారగుదురు. అటుపైన ఎప్పుడైన ఆ పిల్లల పిల్లలు ఎదురుపడిన ఒకరినొకరు ఎరుగరు. మన పెద్దలు ఇంటిపేరు, గోత్రము అడిగి గాని సంబంధము కలుపుకొనకపోవుటకు కారణము ఇదియే గదా.

నాన్నగారు పోయిన తరువాత వారసుల సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టినాము. దస్తావేజులో ఒక పేరు, నాన్నగారి మరణపత్రములో ఒక అక్షరము, మాకు ఒక అక్షరము, తమ్మునికి ఒక అక్షరము. ఈ నలుగురును ఒకే ఇంటివారని ఎట్లు నమ్ముదుమని అడిగినారు. పదునాలుగు నెలలు తిరిగినాము. మూడు అఫిడవిట్లు వ్రాయించినాము. ఆ కార్యాలయము పేరు చెప్పము. అక్కడ కూర్చున్నవారును మా వంటి గుమాస్తాలే. ఇరువది ఏండ్లుగా మేమును ఎందరి పేర్లనో గడికి సరిపడునట్లు కత్తిరించినవారమే. పోఫాం జెండాల పుస్తకములో లేని మాటను అక్షరము అక్షరముగా ఎత్తినట్లు, మేమును మా పేరును అక్షరము అక్షరముగా రుజువు చేసికొనవలసి వచ్చినది.

ఆ పనిలోనే తండయారుపేటలోని మా మేనత్తగారి వద్దకు పోయినాము. ఎనుబది ఆరేండ్లు. చూపు తగ్గినది, మాట తగ్గలేదు. కాగితములన్నియు ఎదుట పెట్టి సంగతి చెప్పగా విని, "ఏరా అబ్బాయీ, సర్కారువాడు అడిగితే గాని మీకు ఇంటిపేరు గుర్తుకు రాలేదా? పెళ్ళయి అరవై ఏళ్ళు దాటింది, నా ఇంటిపేరు ఆనాడే మారింది. నాకు గుర్తున్నది, మీకు గుర్తులేదా?" అన్నారు. మేము తల వంచుకొన్నాము. మా అమ్మాయి మాత్రము, "నాయనమ్మా, ఆ ఊరు ఎక్కడున్నది?" అని అడిగినది.

అత్తయ్య చెప్పినారు. కావలిలో దిగి బండి కట్టించుకొని పోవలెనట. ఆమె చిన్నతనములో ఒక్కసారి తాతగారితో పోయినారట. చెరువు గట్టున చింతచెట్టు, పాడుపడిన మా ఇంటి అరుగు చూచినారట. ఆ ఊరినుండి మిరపకాయ బస్తాలు వచ్చునప్పుడు గోనె మీద మన ఇంటిపేరులోని రెండు తెలుగు అక్షరములు నల్ల రంగుతో వేసి ఉండెడివట. కూలివారికి చదువు రాకపోయినను ఆ రెండు అక్షరములు చూచి బస్తాలను మన కొట్టు ముందర దించెడివారట. "బస్తా దారి తప్పలేదురా" అని అత్తయ్య నవ్వినారు. కొత్వాలు చావడి టోకు బేరము 1996లో కోయంబేడుకు పోయినది, మా కొట్టు అంతకు చాల ముందే పోయినది.

సర్టిఫికెట్టు వచ్చినది. దస్తావేజును మరల పసుపు గుడ్డలో చుట్టకముందు మా అమ్మాయి మొదటి పుటను ఫోనులో చిత్రము తీసి అమెరికాలోని అన్నకు పంపినది. ముత్తాతగారి పేరుకు ముందున్న మాట చుట్టు ఎర్ర గీత గీచి పంపినది. అతడు రాత్రికి జవాబు పంపినాడు: "ఇది పలకడము ఎట్లు?" తెలుగు చదువుట అతనికి రాదు. మా అమ్మాయి పలికి వినిపించినది, రెండు మూడు సార్లు.

మన సంఘపు సభ్యుల పట్టిక ఈ యేడు తిరిగి అచ్చు కావలసి ఉన్నది. పాత పట్టికలో ఇనిషియలుకు ఒక అక్షరము పట్టు గడి మాత్రమే ఉన్నది. దానిని తీసివేసి, ఇంటిపేరు పూర్తిగా ఒక గడిలోను, ఆ పేరు ఏ ఊరినుండి వచ్చినదో తెలిసినంతవరకు ఇంకొక గడిలోను వేయవలెనని కార్యదర్శిగారిని కోరినాము. రెండు పుటలు పెరుగునని మొదట సందేహించినారు, తరువాత ఒప్పుకొన్నారు. కావున సభ్యులు తమ ఇంట పాత దస్తావేజులు, పెండ్లి పత్రికలు, ఖాతా పుస్తకములు ఉన్న వెదకి, పెద్దవారు ఉన్న అడిగి, ఒక చీటీ మీద తెలుగులో వ్రాసి సంఘము ఆఫీసుకు పంపవలెను. అక్షరములు విడివిడిగా వ్రాసిన కూర్చువారికి సుళువు.

మా చీటీ ఇచ్చివేసినాము. అమ్మాయి వ్రాసినది. ఇంటిపేరు గడి నింపి, ఊరి గడిలో ఊరి పేరు వ్రాసి, దాని ప్రక్కన చిన్న అక్షరములతో "కావలి స్టేషనులో దిగవలెను" అని చేర్చినది.